తులసాకు మీద తెల్లచుక్కలు

మా అక్కకు బొల్లి. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు తేలిక. హైస్కూల్లో ఉండగా మోచేతి దగ్గర గోరంత మచ్చగా మొదలై, పెళ్లిచూపుల వయసు వచ్చేసరికి రెండు చేతులకూ మెడకూ పెదాల చుట్టూ పాకింది. చూడ్డానికి వచ్చినవాళ్లు కాఫీ తాగి వెళ్లిపోయేవాళ్లు. గ్లాసు ఆమె చేత్తో ఇచ్చిందని కాఫీ ముట్టకుండా లేచిన మహానుభావులు కూడా ఉన్నారు. అలాంటి ఒక మధ్యాహ్నం తర్వాత నాయన ఇంక ఎవరినీ రానివ్వలేదు. మా నాయనతో నాకు చాలా పేచీలుండేవి గాని, ఆ ఒక్క పనికి ఆయనకు ఇప్పటికీ దణ్ణం పెడతాను.

ఆయన చేసిన ఇంకో మంచిపని, తన తులసి కైంకర్యం ఆమెకు అప్పగించడం. పుత్తూరు నుంచి నగరి పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. ఊరి పెరుమాళ్లకు పొద్దుటి ఆరాధనలో వేసే తులసిమాల తాతల కాలం నుంచి మా ఇంటినుంచే పోతుంది. అందుకోసమే ఇంటి వెనక తులసితోట. నాయన పోయాక అక్క ఒక్కతే ఆ ఇంట్లో ఉంటూ, తెల్లవారుతూనే స్నానం చేసి, మడిచీర కట్టుకుని, తోటలో తులసి తుంచి, వసారాలో కూర్చుని మాల కట్టి గుడికి పట్టుకుపోయేది. గుడి ప్రాకారంలో ఉన్న తులసికోటకు కూడా ఆమే నీళ్లు పోసి, ఎండుటాకులు ఏరేది.

ఊళ్లో పెళ్లిళ్లకు ఆమెను పిలవరు. పిలిచినా వంటల వైపు రానివ్వరు. అర్చకస్వామి, మేము అయ్యవారంటాం, ఆయన మాత్రం రోజూ ఆమె చేతిలోని పళ్లెం తన చేత్తో అందుకునేవాడు. మాల స్వామి మెడలో పడ్డాక అక్క తీర్థం తీసుకుని ఇంటికి వచ్చేది. అది లేకపోతే తనకు ఏమీ మిగలదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు.

నేను తిరుపతిలో కాపురం పెట్టి, ఆడపిల్లల కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని. మడికీ నాకూ చుక్కెదురు. ఒక మాట పొరపాటుగా అన్నారంటే సరిదిద్దందే నాకు అన్నం సహించదని మా ఆయన అంటాడు. అది నిజమే, దాచుకోను.

ఆ ఎండాకాలం ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

"ఏమే, తులసమ్మకు నా రోగం వచ్చిండాదే."

"ఏం రోగం?"

"అదే, నా మింద ఉండేదే. ఆకుల నిండా తెల్ల చుక్కలు. ఒక చెట్టుకు గాదు, తోటంతా. సూసినోళ్లందరూ అదే అంటాండారు."

నాకు ఒళ్లు మండిపోయింది. "బొల్లి మనిషినుంచి మనిషికే అంటదు, చెట్టుకు అంటుతుందా? ఎవరన్నారు ఆ మాట, వాళ్ల పేరు చెప్పు" అని కేకలేశాను. అక్క ఎవరి పేరూ చెప్పలేదు. ఊరంతా అంటున్నప్పుడు ఎవరి పేరని చెబుతుంది? గుడి బాగోగులు చూసే పెద్దాయన, ఊళ్లో సగం మామిడితోటలు వాళ్లవే, ఆయన అయ్యవారిని పిలిచి, మచ్చలున్న తులసి స్వామికి వేయడం ఎంతవరకు మంచిదో ఆలోచించమన్నాడట. ఇంకా వద్దని మాత్రం అనలేదట.

మర్నాడే బస్సెక్కాను. అప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. దారి పొడవునా ఎర్రదుమ్ము. లారీ పోయిన ప్రతిసారీ ఆ దుమ్ము లేచి మా ఊరి ఇళ్ల మీదికి వచ్చి వాలుతోంది. వానలు లేవు, గాలిలో తేమ లేదు. తోటలోకి అడుగు పెట్టకముందే నాకు సగం అర్థమైంది.

ఆకుల పైభాగాన సూదితో పొడిచినట్టు లేత పసుపూ తెలుపూ చుక్కలు. బాగా ముదిరిన చోట చుక్కలన్నీ కలిసిపోయి ఆకు పాలిపోయి, కంచు రంగుకు తిరిగింది. కొసల్లో వెన్నుల దగ్గర సన్నటి బూజు. అక్క దాన్ని సాలెగూడనుకుని వదిలేసిందట, సాలీడును చంపితే పాపమని. ఒక ఆకు తిప్పి చూశాను. అడుగున ఈనెల వెంబడి ఇటుకపొడి చల్లినట్టు ఉంది.

తెల్లకాగితం ఒకటి తెమ్మని, కొమ్మ కింద పట్టుకుని, కొమ్మను రెండుసార్లు తట్టాను. కాగితం మీద దుమ్ము రాలింది. "ఇప్పుడు ఊపిరి బిగబట్టి సూడు" అన్నాను. కాసేపటికి ఆ దుమ్ములో కొంత నడవడం మొదలుపెట్టింది. వేలితో ఒకదాన్ని రాస్తే ఎర్రటి గీత పడింది. నా భూతద్దం ఇచ్చాను. అక్క దాన్ని కంటికి ఆనించుకుని చాలాసేపు వంగిపోయి చూసింది.

"ఎర్రనల్లి అంటారు దీన్ని. మంచాల్లో ఉండే నల్లి కాదులే, ఇది వేరే. సాలీడు జాతి. ఎండ, దుమ్ము ఉంటే చెప్పనక్కర్లేదు, వారానికే పిల్లా జెల్లా పెట్టేస్తాది. ఆకు అడుగున కూచుని రసం పీలుస్తాది. అది పీల్చిన చోటే ఈ తెల్ల చుక్క."

"అయితే నాది గాదా?"

"నీది గాదు."

అక్క అక్కడే మట్టిలో చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చెట్లకు పురుగు పట్టిందని అంత సంతోషించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నా చెయ్యి పట్టుకుని బుగ్గకు ఆనించుకుంది. చిన్నప్పటినుంచీ నా మీద ప్రేమ పుడితే ఆమె చేసే పని అదే.

అసలు కష్టం వైద్యం దగ్గర వచ్చింది. బాగా పట్టిన ఆకులన్నీ ముందు తుంచి పారేయాలన్నాను. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం తులసి తుంచకూడదు. మంగళవారం కూడదు, ఆదివారం కూడదు, ద్వాదశి సరేసరి. ఆ రోజుల్లో మాలకు కావలసింది ముందురోజే తుంచి తడిగుడ్డలో చుట్టిపెట్టుకుంటుంది, తులసికి చద్దిదనం లేదు కాబట్టి.

"రోగం ఆకేగదక్కా, స్వామికి వేసేది గాదు గదా?"

"రోగమొస్తే తులసి తులసి గాకుండా పోతాదా? నాకు రోగమొస్తే నేను నీ అక్కను గాకుండా పోయినానా?"

నల్లులకు పంచాంగం లేదు, అవి శుక్రవారం కూడా గుడ్లు పెడతాయని గొణుక్కుంటూ శనివారం దాకా ఆగాను. శనివారం ఇద్దరం కూర్చుని తుంచితే గంపెడు ఆకు అయింది. కాలుద్దామంటే, తులసిని కాల్చేది ఒక్క చితి మీదేనంటుంది. కుప్పలో వేద్దామంటే ఎంగిలాకుల్లోనా అంటుంది. చివరికి పెరడు చివర లోతుగా గుంట తవ్వి పూడ్చాం. ఆమె దాని మీద నీళ్లు చల్లి దణ్ణం పెట్టుకుంది. నేను నడుం పట్టుకుని నిలబడ్డాను.

పుత్తూరులో మందులంగడి అతను ఒక డబ్బా చూపించి ఇది కొడితే అన్నీ చస్తాయన్నాడు. అన్నీ చస్తాయి, నల్లిని తినే అక్షింతల పురుగుతో సహా, తర్వాత నల్లులు ఇంకా రెచ్చిపోతాయి, పైగా అది తీర్థంలో మనుషుల నోట్లోకి పోయే ఆకు అని అతనికి ఒక క్లాసు పీకాను. గంధకం ఆ ఎండకు ఆకును మాడ్చేస్తుంది. చేపనూనె సబ్బు బాగా పనిచేస్తుంది. కానీ ఆ డబ్బా మీద చేపబొమ్మ చూసి అక్క, "పెరుమాళ్ల మెడలో చేపల కంపు యేస్తావంటే?" అని గడప కూడా దాటనివ్వలేదు. ఆఖరికి వేపనూనె, దాన్ని నీళ్లలో కలపడానికి కుంకుడురసం. కుంకుడుకాయకు మడిలో అభ్యంతరం లేదు, అదొక అదృష్టం. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది, పొద్దు గూకినాక అక్క చెట్టును ముట్టనివ్వదు. ఎండ వాలినప్పటినుంచి దీపం పెట్టేలోపల ఉన్న ఆ కాస్త వెలుగులో పరుగులు పెట్టి, ఒక్కో కొమ్మ వంచి, ఆకు అడుగున తడిసేలా చల్లాం. మధ్యరోజుల్లో పొద్దున్నే మోటారు పైపుతో గట్టిగా అడుగునుంచి నీళ్లు కొట్టేదాన్ని. దుమ్ము, బూజు, నల్లులు అన్నీ కొట్టుకుపోయేవి. గుడ్లు మిగులుతాయి కాబట్టి మళ్లీ మళ్లీ కొట్టాలి. తోట చుట్టూ ఉన్న కలుపు కూడా పీకించాను. కొద్దికొద్దిగా లేత చిగుళ్లు మచ్చ లేకుండా వచ్చాయి.

అక్కడితో నేను తిరుపతి వెళ్లిపోయి ఉంటే బాగుండేది.

ఊరివాళ్లకు చూపించాలని నాకు పంతం. మా అక్క రోగం కాదని వాళ్ల కళ్లతో వాళ్లే చూడాలి. ఒక శనివారం, జనం ఉండే రోజు చూసుకుని, కాగితం భూతద్దం తీసుకుని అక్కతోపాటు గుడికి పోయాను. ప్రాకారంలో తులసికోట చూస్తే దానికీ చుక్కలు. ఇంకా మంచిదే అనుకున్నాను, అందరి ముందూ దాన్నే తట్టి చూపించవచ్చు. పెద్దాయన ఉన్నాడు, అయ్యవారు ఉన్నాడు, ఆడవాళ్లు ఒక పదిమంది మూగారు. ఒక్కొక్కరి చేతికీ అద్దం ఇచ్చాను. ముక్కు మీద వేలేసుకున్నారు. పెద్దాయన కూడా చూసి, "అవునమ్మా, నడస్తాండాయి" అన్నాడు. అక్క స్తంభం పక్కన నిలబడి ఉంది. ఆమె మొహంలో అంత వెలుగు చూసి ఎన్నేళ్లయిందో.

అప్పుడు పెద్దాయన అడిగాడు. "అదిసరేమ్మా. మీ తోటలో ఉండేటివి ఈడికెట్ల వచ్చినాయి? రెండు వీధులు దాటాల గదా."

ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినదాన్ని. ప్రశ్న వినిపిస్తే నోట్లోంచి జవాబు దానంతటదే వస్తుంది. "గాలికి వస్తాయండీ. మనుషుల చేతులకూ బట్టలకూ అంటుకుని కూడా వస్తాయి. అక్క తోటలో తులసి తుంచి, మడిచీర మార్చకుండా దాంతోనే నేరుగా ఇక్కడికి వస్తుంది గదా. ఆ కొంగు కొమ్మలకు రాసుకుంటుంది. దాని మీద ఎక్కి వచ్చుంటాయి" అన్నాను.

చెప్పింది అబద్ధం కాదు. ఇప్పుడు అడిగినా జవాబు అదే. మడి కట్టుకున్న చీర గుడికి పోయివచ్చేదాకా మార్చకూడదు, మారిస్తే మైల. అందుకే ఊళ్లో అన్నిటికంటే శుద్ధమైన ఆ బట్టే రోజూ పొద్దున నల్లుల్ని మోసుకుని తోటనుంచి గుడికి వచ్చింది. మా ఇళ్లల్లో తప్ప ఇంకెక్కడా జరగని విడ్డూరం.

"అంటే, ఆయమ్మ మిందినుంచే వచ్చినాయంటావు" అన్నాడు పెద్దాయన.

"అవును, కానీ..."

కానీ తర్వాత నేను చాలా చెప్పాను. ఎవరి బట్టల మీదైనా వస్తాయనీ, నా చీర మీద కూడా వచ్చి ఉండవచ్చనీ, మనిషికి ఏమీ చెయ్యవనీ, నీళ్లు కొడితే పోతాయనీ. ఆ 'అవును' దగ్గరే వాళ్ల చెవులు మూసుకున్నాయి. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క దగ్గరున్న ఒకావిడ చీరకుచ్చెళ్లు దగ్గరికి లాక్కుని రెండడుగులు పక్కకు జరిగింది. అది అక్క చూసింది.

నాలుగైదు రోజులకు అయ్యవారు మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. వాకిట్లోనే నిలబడి నేల చూస్తూ, "అమ్మా, కొన్నాళ్లు మాల వద్దన్నారు. తిరుపతి నుంచి బస్సుకు తెప్పిస్తారంట. గుళ్లో తులసికోట గూడా ఇంగెవురన్నా సూసుకుంటారులే" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పడానికి ఎంత అవస్థ పడ్డాడో కనిపిస్తూనే ఉంది. అయినా చెప్పాడు.

అక్క ఆ పొద్దున కట్టిన మాల పళ్లెంలోనే ఉంది. ఆమె దాన్ని ఇంట్లో పటానికి కూడా వేయలేదు. ఇది పెరుమాళ్ల కోసం కట్టింది గదా అంది. సాయంత్రానికి వాడిపోయింది.

నేను పెద్దాయన ఇంటికి పోయి జగడం పెట్టుకున్నాను. ఆయన కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు. గొంతు పెంచలేదు. "బొల్లి అంటదని మాకు తెలీదామ్మా? మేమేం ఆకాలం మనుషులం గాము. ఇది పురుగు సంగతి. మీరు సదువుకున్నోళ్లు, అద్దం బెట్టి సూపించి మరీ జెప్తిరి. మీ మాట మేము ఇనాల్నా వొద్దా?" అన్నాడు. తిడదామంటే ఆయన అన్నదాంట్లో నేననని మాట ఒక్కటి లేదు. ఇన్నేళ్లుగా ఆమెను దూరం పెట్టడానికి వాళ్లకు సిగ్గనిపించే కారణమే ఉండేది. నేను వెళ్లి సిగ్గుపడక్కర్లేని కారణం ఇచ్చి వచ్చాను. మజ్జిగ అక్కడే వదిలేసి వచ్చాను. అంతకుమించి ఏం చెయ్యగలను?

బస్సుకు వచ్చే మాల సంగతి కూడా చెప్పాలి. ప్లాస్టిక్ సంచిలో, కండక్టరు సీటు కింద దుమ్ములో వచ్చేది. ఏ తోటలోదో, ఏ మందు కొట్టిందో ఎవరికీ తెలియదు. ఒకరోజు నేను బస్టాపులోనే సంచి విప్పి ఆకు తిప్పి చూశాను. అడుగున నల్లులు ఉన్నాయి. ఎవరికి చెప్పను? చెప్పి ఏం బావుకున్నానని?

ఆ తర్వాత వానలు పడ్డాయి. గట్టిగా, వరసగా. నేను నానా తంటాలు పడి చేసిన వైద్యం కంటే ఆ వానే ఎక్కువ పని చేసింది. దుమ్ము అణిగింది, తోట నల్లగా నిగనిగలాడింది. ఎన్ని కొమ్మలు తట్టినా కాగితం మీద ఒక్క చుక్క కదల్లేదు. గుడిలో తులసికోట కూడా తేరుకుంది. నేను సిగ్గు విడిచి మళ్లీ పెద్దాయన గుమ్మం ఎక్కాను. ఆయన కూడా బహుశా బస్సు మాలతో విసిగిపోయి ఉంటాడు. ఒకరోజు బస్సు రాక స్వామికి మాల లేకుండా ఆరాధన జరిగిందట. "సరే, రమ్మనండి. ఎప్పటి మాదిరిగానే కానీండి" అన్నాడు.

దాదాపు పరుగెత్తుతూ ఇంటికి వచ్చాను. అక్క తోట కంచె బయట కూర్చుని ఉంది. లోపల కాదు, బయట. వానకు పెరిగిన తులసి నడుందాకా వచ్చి, తుంచేవాళ్లు లేక వెన్నులు వేసి గింజ పట్టింది. వెన్ను తుంచకపోతే మొక్క ముదిరిపోతుందని నాకు చిన్నప్పుడు నేర్పింది ఆమే.

సంగతి చెప్పాను. ఆమె మొహంలో ఏమీ మారలేదు.

"నువ్వు తుంచివ్వు. నేను ఈడ్నించి జెప్తా, ఏ కొమ్మ అనేది. కట్టేది గూడా నువ్వే కట్టు. నువ్వే తీసకపో."

"నాకు మాల కట్టడం యాడొస్తాదక్కా? ఆయనే రమ్మన్నాడు నిన్ను. నిన్నే."

"ఆయన రమ్మంటాడు. పోయినాక గుళ్లో చెట్టుకు మళ్లా వస్తే?"

అప్పుడు నాకు కొన్ని విషయాలు ఒక్కసారిగా కనిపించాయి. మాల మాన్పించాక ఆ రెండు నెలల్లో నేను తిరుపతి నుంచి వచ్చినప్పుడల్లా ఆమె నాకు కంచం దూరం నుంచి జరిపింది. పక్కింటి పసిబిడ్డ పాకుతూ వస్తే కొంగు బిగించుకుని లోపలికి వెళ్లిపోయింది. ఊరివాళ్లు జన్మంతా అన్నా ఆమె తన ఒంటిని అసహ్యించుకోలేదు. పెరుమాళ్లకు లేని అసహ్యం వీళ్లకేంటికని నవ్వేది. ఇప్పుడు నేను దగ్గరికి వెళ్లి కూర్చోబోతే చీర సర్దుకుని జరిగింది. చెయ్యి పట్టుకోబోతే వెనక్కు తీసుకుంది.

నేను ఏడ్చే మనిషిని కాదు, ఆ రోజు ఏడ్చాను. "అక్కా, ఒక్కటి గూడా లేదు. చెట్టు మింద లేదు, నీ చీర మింద లేదు, నీ మింద ఎప్పుడూ లేదు. నా మాట నమ్ము" అన్నాను.

"నీ మాట నమ్మబట్టే గదే, పోకుండా ఉండాను" అంది అక్క.